యంత్రముల దక్షత: దానిని గణించు విధము

మన పాఠశాల ఆవరణములోని బావికడ దినదినమును నీరు తోడు బాలబాలికలు అనేకులు కలరు. గిలక కిఱ్ఱుమనును, చేద పైకి వచ్చును, కడవ నిండును. అంతటితో మన పని తీరినదని వెడలిపోవుదుము. ఆ కిఱ్ఱుమను ధ్వనియందొక లెక్క దాగియున్నదని తలంచువారు అరుదు. ఆ లెక్కను వెలికిదీసి చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందలి గణితమునకు గుణకారమును, భాగహారమును తెలిసిన చాలును. కావున చిన్న తరగతుల విద్యార్థులును, ఇంటికడ దీనిని చదువు తల్లిదండ్రులును వెనుదీయ నక్కఱలేదు.

ఈ సంవత్సరము తరగతిలో సామాన్య యంత్రములను గూర్చి బోధించుచుండగా ఒక బాలిక లేచి యిట్లడిగెను: "అయ్యగారూ, యంత్రము మన శ్రమను తగ్గించునని మొదటి దినమున సెలవిచ్చితిరి. ప్రతి యంత్రములోను కొంత పని నష్టమగునని నేడు సెలవిచ్చుచున్నారు. ఈ రెండు మాటలును ఎట్లు నిజమగును?" ఈ ప్రశ్న మిక్కిలి చక్కనిది. దీనికి సరియైన సమాధానము తెలిసినవానికి యంత్రశాస్త్రములో సగము తెలిసినట్లే.

బలము వేఱు, పని వేఱు

లోకవ్యవహారములో బలము, శ్రమ, పని అను మాటలను ఒకదానికి బదులొకటిగా వాడుచుందుము. శాస్త్రమునందు అట్లు కూడదు. ఒక బలము ఒక వస్తువును తన దిక్కున కొంత దూరము జరిపినయెడల, ఆ బలమును ఆ దూరముతో గుణింపగా వచ్చు లబ్ధమే పని. 60 కిలోగ్రాముల పెట్టెను 1 మీటరు ఎత్తునకు లేవనెత్తినచో 60 కిలోగ్రాము-మీటర్ల పని జరిగినది. నేటి పాఠ్యపుస్తకములు బలమును న్యూటనులలోను, పనిని జౌలులలోను చెప్పును. మనము ఇచ్చట కోరునది నిష్పత్తి మాత్రమే కావున, త్రాసుపై కనబడు కిలోగ్రాములనే వాడుకొన్నను ఫలితము మారదు.

ఇప్పుడు ఆ పెట్టెను 1 మీటరు ఎత్తుగల బండిమీదికి ఎక్కింపవలసియున్నదనుకొందము. ఇద్దఱు దానిని నిలువుగా ఎత్తుటకు బదులు, 3 మీటర్ల పొడవుగల పలకను బండికి ఆనించి, దానిమీదుగా పెట్టెను లాగవచ్చును. పలకమీద రాపిడియే లేకున్నచో 20 కిలోగ్రాముల బలము చాలియుండెడిది. అయితే పెట్టెను 3 మీటర్ల దూరము లాగవలెను. 20ని 3తో గుణించిన 60. బలము మూడవవంతు అయినది, దూరము మూడురెట్లు అయినది, పని మాత్రము మారలేదు.

కావున యంత్రము తగ్గించునది బలమును, పనిని కాదు. ఇటలీ దేశీయుడగు గెలీలియో 1600 ప్రాంతమున యంత్రములను గూర్చి వ్రాసిన చిన్న గ్రంథములో ఈ సంగతిని స్పష్టపఱచెను. యంత్రములతో ప్రకృతిని మోసగింపవచ్చునని తలంచిన శిల్పులు ఆ కాలమున పెక్కుమంది యుండిరి. బలములో మనకు కలిసివచ్చినదంతయు దూరములో చెల్లింపవలసియుండునని ఆయన చూపెను.

ఇంతవరకు చెప్పినది రాపిడిలేని పలకను గూర్చి. అట్టి పలక లోకములో లేదు. నిజమైన పలకమీద ఆ పెట్టెను లాగుచు స్ప్రింగు త్రాసుతో కొలిచినయెడల 20 కాదు, 40 కిలోగ్రాముల బలము కావలసివచ్చిననుకొందము. మనము పెట్టిన పని 40ని 3తో గుణింపగా 120. పెట్టెకు చేరిన పని 60 మాత్రమే. తక్కిన 60 ఏమైనది? పెట్టె అడుగును, పలక పైభాగమును ఒరసికొని వెచ్చనగుటలో వ్యయమైనది. మనము పెట్టిన పనిలో ఎంతవంతు మనకు అక్కఱకు వచ్చినదో తెలుపు సంఖ్యయే యంత్రముయొక్క దక్షత. ఇచ్చట అది 120కి 60, అనగా నూటికి 50.

ఆ బాలిక ప్రశ్నకు సమాధానము ఇదియే. పలక బలమును 60 నుండి 40కి తగ్గించినది. ఆ మాట నిజము. పనిని 60 నుండి 120కి పెంచినది. ఆ మాటయు నిజము.

మూడు మాటలు, ఒక సూత్రము

దక్షతను సులభముగా గణించుటకు మూడు మాటలను తెలిసికొనవలెను.

మొదటిది యాంత్రిక లాభము. భారమును ప్రయత్నబలముతో భాగింపగా వచ్చునది. పై ఉదాహరణలో 60ని 40తో భాగింప 1.5.

రెండవది వేగనిష్పత్తి. మన చేయి కదలిన దూరమును భారము కదలిన దూరముతో భాగింపగా వచ్చునది. పైదానిలో 3ని 1తో భాగింప 3.

మూడవది దక్షత. యాంత్రిక లాభమును వేగనిష్పత్తితో భాగించి నూటితో గుణింపవలెను. 1.5ను 3తో భాగింప 0.5, నూటితో గుణింప 50. పనులను లెక్కించి తెలిసికొన్న సంఖ్యయే మరల వచ్చినది. రెండు దారులును ఒకే యూరికి చేరును.

ఈ మూడింటిలో ఒక భేదమును మఱవరాదు. వేగనిష్పత్తి యంత్రముయొక్క ఆకారమునుబట్టి ఏర్పడునది. కొలబద్ద యున్న చాలును, యంత్రమును కదపకయే దానిని చెప్పవచ్చును. యాంత్రిక లాభము అట్టిది కాదు. దానిని తెలిసికొనుటకు భారమును నిజముగా ఎత్తి, బలమును నిజముగా కొలువవలెను. త్రుప్పు, దుమ్ము, కందెన మున్నగువాని ప్రభావమంతయు ఆ సంఖ్యలోనే కనబడును.

పూర్వము అలెగ్జాండ్రియా నగరవాసియగు హీరో అను పండితుడు చక్రము-ఇరుసు, తులాదండము, గిలక, చీల, మర అను ఐదింటిని సామాన్య యంత్రములుగా లెక్కించెను. తరువాతివారు వాలుతలమును చేర్చి ఆఱుగా చెప్పుచున్నారు. ఆఱింటికిని సూత్రము ఒక్కటే.

బావి గిలక

ఇక మన బావికి పోదము. తరగతి పిల్లలు ఈ క్రింది ప్రయోగమును చేసిరి. నీటితో నిండిన చేద 9 కిలోగ్రాములు తూగినది. చేంతాటికి స్ప్రింగు త్రాసును తగిలించి నిదానముగా లాగగా 12 కిలోగ్రాములు చూపినది. గిలక ఒక్కటే, అదియు కదలనిది. చేయి ఒక మీటరు దిగిన చేద ఒక మీటరు లేచును. వేగనిష్పత్తి 1. యాంత్రిక లాభము 9ని 12తో భాగింప 0.75. దక్షత నూటికి 75.

అంతట ఒక బాలుడు, "యాంత్రిక లాభము ఒకటికి తక్కువయైనచో ఈ గిలక మనకెందులకు? వట్టిచేతులతో లాగిన 9 కిలోగ్రాముల బలము చాలునుగదా!" అనెను. మంచి మాటయే. కాని వట్టిచేతులతో లాగువాడు బావి గట్టుమీద వంగి పైకి లాగవలెను. గిలక యున్నచో నిటారుగా నిలిచి, తన శరీరభారమును చేంతాటిమీద మోపుచు క్రిందికి లాగును. బలముయొక్క దిక్కు మారినది, నడుము బ్రదికినది. ఈ సౌకర్యమునకు మనము చెల్లించు వెల 3 కిలోగ్రాములు.

పిమ్మట గిలకను దించి, ఇరుసునకు పట్టిన త్రుప్పును గీకి, బండి ఇరుసునకు వేయు కందెనను పూసి మరల కట్టితిమి. ఈ మాఱు త్రాసు 10 కిలోగ్రాములు చూపినది. దక్షత 9ని 10తో భాగింప నూటికి 90. కిఱ్ఱుమను ధ్వనియు పోయినది.

ఈ భేదమును చిన్నదిగా నెంచరాదు. బావిలోతు 10 మీటర్లనుకొందము. కందెన వేయకముందు ఒక్కొక్క చేదకు 120 కిలోగ్రాము-మీటర్ల పని. వేసిన తరువాత 100. చేదకు 20 చొప్పున దినమునకు 50 చేదలకు 1000 మిగిలినది. ఇది పది చేదల నీరు తోడు శ్రమతో సమానము. ఇంటిలో నీరు తోడునది ఎక్కువగా తల్లులును అక్కచెల్లెండ్రును. చెంచెడు కందెన వారికి దినమునకు పది చేదల శ్రమను తప్పింపగలదని ఈ లెక్క చెప్పుచున్నది.

కొలుచునప్పుడు గమనింపవలసినవి

త్రాసులోని సంఖ్యను భారము నిదానముగా, ఒకే వేగముతో లేచుచున్నప్పుడు చదువవలెను. కదలని వస్తువును కదల్చుటకు కొంచె మెక్కువ బలము కావలెను. కావున మొట్టమొదటి కుదుపులో చూపిన సంఖ్యను తీసికొనరాదు. చేదను దించుచు కొలువరాదు. దించునప్పుడు రాపిడి మనకు తోడ్పడును గనుక త్రాసు తక్కువ చూపును. స్ప్రింగు త్రాసును తలక్రిందులుగా తగిలించినచో దాని సొంత బరువువలన ముల్లు సున్నవద్ద నిలువకపోవచ్చును. ముందుగా దానిని సరిచూచుకొనవలెను. ప్రతి కొలతను మూడు మాఱులు తీసి సరాసరి వేయవలెను.

ఇట్లు చేసినను ఎన్నడైన దక్షత నూటికి మించి వచ్చినచో సంతోషింపవలదు. పెట్టినదానికంటె ఎక్కువ పని నిచ్చు యంత్రమును ఎవరును చేయలేదు, చేయజాలరు. కొలతలో తప్పున్నదని గ్రహించి మరల మొదలిడవలెను.

భారము పెరిగిన దక్షత పెరుగును

ఒకే యంత్రమునకు దక్షత ఎల్లప్పుడు ఒకటేయని తలంపరాదు. కదలు గిలకను తీసికొందము. త్రాటి ఒక కొనను పైదూలమునకు కట్టి, త్రాటి మడతలో గిలకను వ్రేలాడదీసి, దానికి భారమును తగిలించి, రెండవ కొనను పైకి లాగుదుము. వేగనిష్పత్తి 2. గిలక సొంత బరువు 2 కిలోగ్రాములు. 4 కిలోగ్రాముల భారమునకు 4 కిలోగ్రాముల బలము పట్టిన, యాంత్రిక లాభము 1, దక్షత నూటికి 50. అదే గిలకకు 20 కిలోగ్రాముల భారము తగిలింపగా 12.5 కిలోగ్రాముల బలము పట్టిన, యాంత్రిక లాభము 1.6, దక్షత నూటికి 80.

ఈ భేదమునకు కారణము స్పష్టము. భారము చిన్నదైనను పెద్దదైనను గిలక తన్ను తాను మోయించుకొనుట మానదు. చిన్న భారముతో పోల్చినప్పుడు ఆ 2 కిలోగ్రాములు పెద్ద పన్ను. పెద్ద భారముతో పోల్చినప్పుడు చిన్న పన్ను. ఒక్క మనుష్యుని కొఱకు పెద్ద బండి కట్టినట్లే, గొప్ప యంత్రముతో స్వల్పభారమును ఎత్తుట వ్యర్థవ్యయము. అయినను భారము పెరిగినకొలది రాపిడియు పెరుగును గనుక, దక్షత ఒక హద్దువఱకు పెరిగి అచ్చట ఇంచుమించు నిలిచిపోవును, నూటిని చేరదు. కావున దక్షతను చెప్పునప్పుడు ఏ భారమునకు అను మాటను కూడ చెప్పుట న్యాయము.

సంయుక్త యంత్రములు

రెండుగాని అంతకు మించిగాని సామాన్య యంత్రములు చేరి, ఒకదాని ఫలము మఱియొకదానికి ప్రయత్నబలమైనప్పుడు అది సంయుక్త యంత్రము. దాని దక్షతను గణించుటలో విద్యార్థులు తఱచుగా ఒక తప్పు చేయుదురు. దానిని ఉదాహరణతో చూపెదను.

మొదట చెప్పిన పెట్టెనే తీసికొందము. ఈ మాఱు పలకమీద గుండ్రని కఱ్ఱలను పఱచి, వానిపై పెట్టెను దొర్లించితిమి. రాపిడి తగ్గి 25 కిలోగ్రాముల బలము చాలినది. యాంత్రిక లాభము 60ని 25తో భాగింప 2.4, వేగనిష్పత్తి 3, దక్షత నూటికి 80. ఆ 25 కిలోగ్రాముల లాగుడును చేతితో లాగక, చక్రము-ఇరుసు అను యంత్రముచే లాగించితిమి. చక్రము ఇరుసుకంటె 6 రెట్లు పెద్దది, వేగనిష్పత్తి 6. చక్రము అంచున 5 కిలోగ్రాముల బలము చాలినది. దీని యాంత్రిక లాభము 25ను 5తో భాగింప 5. దక్షత 5ను 6తో భాగింప నూటికి 83⅓.

రెండును చేరిన యంత్రమునకు దక్షత ఎంత? 80, 83⅓ల సరాసరి 81⅔ అని కొందఱు వ్రాయుదురు. అది తప్పు. మొత్తము యంత్రమును ఒకటిగా చూడుడు. భారము 60, ప్రయత్నము 5. యాంత్రిక లాభము 12. వేగనిష్పత్తి 3ను 6తో గుణింప 18. దక్షత 12ను 18తో భాగింప నూటికి 66⅔. ఇది 0.80ని 0.833తో గుణింపగా వచ్చు సంఖ్యయే. కాబట్టి సంయుక్త యంత్రమున యాంత్రిక లాభములను గుణింపవలెను, వేగనిష్పత్తులను గుణింపవలెను, దక్షతలను కూడ గుణింపవలెను, సరాసరి వేయరాదు. మొదటి యంత్రము తన పన్నును తీసికొన్న పిమ్మట మిగిలినదానిపై రెండవది తన పన్నును తీసికొనును. ఒకదాని వెనుక నొకటి యంత్రములు చేర్చినకొలది దక్షత తగ్గునేగాని పెరుగదు.

మన పెద్దలు తోటలకు నీరు పెట్టిన మోటలో గిలకయు, ఎద్దులు దిగు వాలుబాటయు కలవు. తోలుబాన పైకి వచ్చునప్పుడు ఎద్దులు వాలుబాటపై క్రిందికి నడచును. వాని శరీరభారముకూడ త్రాటిని లాగును. ఏతమైనచో తులాదండమే. శాస్త్రగ్రంథము చదువకయే మన రైతులు ఈ తత్త్వమును చేతులతో నేర్చిరి.

సైకిలు మఱియొక మంచి ఉదాహరణము. తొక్కుడుకాడ 17 సెంటీమీటర్లు, వెనుక చక్రము వ్యాసార్ధము 34 సెంటీమీటర్లు, ముందు పండ్లచక్రమునకు 48 పండ్లు, వెనుకదానికి 16 పండ్లు అనుకొందము. పాదము ఒక మాఱు చుట్టి వచ్చులోపల వెనుక చక్రము 3 మాఱులు తిరుగును. చక్రము అంచు పాదముకంటె 6 రెట్ల దూరము పోవును. వేగనిష్పత్తి ఆఱవవంతు. పాదముతో 30 కిలోగ్రాముల బలమును ప్రయోగించిన, రాపిడి లేనిచో చక్రము అంచున 5 కిలోగ్రాములు రావలెను, 4.5 వచ్చినచో యాంత్రిక లాభము 0.15, దక్షత నూటికి 90. యాంత్రిక లాభము ఇంత స్వల్పమైనను దక్షత మిక్కిలి గొప్పది. ఇచ్చట మనము బలమును వెచ్చించి వేగమును కొనుచున్నాము. యాంత్రిక లాభము తక్కువగానున్న యంత్రమును చెడ్డ యంత్రమనరాదని సైకిలు మనకు నేర్పుచున్నది.

అభిప్రాయము కాదు, కొలత

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో పిండిమరలను నీటిచక్రములు త్రిప్పుచుండెను. చక్రము క్రిందిభాగమును తాకి ప్రవహించు నీరు మేలా, చక్రము పైభాగమున పడు నీరు మేలా అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేకుండెను. జాన్ స్మీటన్ అను ఇంజనీరు చిన్న నమూనా చక్రములను చేసి, పడిన నీటి పనిని, చక్రము ఎత్తిన భారముయొక్క పనిని కొలిచి, 1759లో ఫలితములను ప్రకటించెను. పైనుండి నీరు పడు చక్రము సుమారు మూడింట రెండువంతుల పనిని తిరిగి యిచ్చుననియు, క్రింద నీరు తాకు చక్రము ఇంచుమించు అందులో సగమే యిచ్చుననియు తేలినది. నీరు అంతయే, ఎత్తు అంతయే. చక్రమును మార్చినంతమాత్రమున పని రెట్టింపైనది. వాదములు తేల్పలేనిదానిని కొలత తేల్చినది.

కొలతకు ఇంత శక్తి కలదు. కాని కొలిచినవాడు ఉన్నది ఉన్నట్లు వ్రాసినప్పుడే ఆ శక్తి నిలుచును. ఈ విషయమున నా సొంత తప్పును ఇచ్చట చెప్పుకొనుట విద్యార్థులకు ఉపకరించునని తలంచుచున్నాను.

నా నోటుపుస్తకములోని తప్పు

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొనుచున్న దినములలో ఒకనాడు ప్రయోగశాలలో నాకు మరజాకీ నమూనా నొకదానిని ఇచ్చిరి. మరను త్రిప్పు చక్రము చుట్టుకొలత 44 సెంటీమీటర్లు. మరచుట్టుల నడిమి దూరము 1 సెంటీమీటరు. అనగా చక్రము ఒక మాఱు తిరిగిన భారము 1 సెంటీమీటరు లేచును. వేగనిష్పత్తి 44. మరపై 22 కిలోగ్రాముల భారమును ఉంచితిని. చక్రమునకు చుట్టిన దారమును ఒక చిన్న గిలకమీదుగా వ్రేలాడదీసి, దాని కొననున్న పళ్ళెములో తూనికరాళ్ళు వేయుచు పోవగా, 2 కిలోగ్రాములకు భారము మెల్లగా లేవసాగెను. యాంత్రిక లాభము 11. దక్షత నూటికి 25.

నా ప్రక్కన గిలకలతో ప్రయోగము చేయువారికి 80, 85 వచ్చుచుండెను. నాకు వచ్చిన 25ను చూచి సిగ్గుపడితిని. నా చేతిపని చెడ్డదనియు, మార్కులు పోవుననియు భయపడి, 2 కిలోగ్రాములకు బదులు 550 గ్రాములని వ్రాసితిని. యాంత్రిక లాభము 40 అయినది. దక్షత ఇంచుమించు 91 అయినది. లెక్క చూచుటకు ఎంతో సొంపుగా నుండెను.

మా అధ్యాపకులు వచ్చి పుస్తకము చూచి ఏమియు ననలేదు. పళ్ళెములోని తూనికరాళ్ళను ఒక్కొక్కటిగా తీసివేసిరి.

"భారము క్రిందికి దిగినదా, నాయనా?" అని యడిగిరి.

"లేదండీ" అంటిని.

"దానిని పట్టియుంచినది ఏది?"

"రాపిడి యండీ."

"22 కిలోగ్రాముల భారమును కదలనీయని రాపిడి, నీవు పెట్టిన పనిలో నూటికి తొమ్మిది వంతులే తిన్నదా? నీ పుస్తకము ఒకటి చెప్పుచున్నది. మర మఱియొకటి చెప్పుచున్నది. రెంటిలో అబద్ధమాడ నేరనిది ఏది?"

నేను తలవంచుకొంటిని. ఆయన నన్ను కోపపడలేదు. పుటను చింపవలదనియు, తప్పు సంఖ్యను ఒక్క గీతతో కొట్టివేసి ప్రక్కన నిజమైన సంఖ్యను వ్రాయుమనియు చెప్పిరి. కొట్టివేసిన సంఖ్యయు చదువుటకు కనబడుచుండవలెనని ఆయన నియమము. ఆ పుస్తకము నేటికిని నాయొద్ద నున్నది.

నష్టమే రక్ష

మా అధ్యాపకుల మాటలోని శాస్త్రమును ఇప్పుడు విచారింతము. భారమును ఎత్తునప్పుడు మనము పెట్టిన పని రెండు భాగములగును: భారమునకు చేరినది ఒకటి, రాపిడికి పోయినది ఒకటి. మన చేయి వదలినప్పుడు భారము తనకు చేరిన పనితోనే యంత్రమును వెనుకకు త్రిప్పవలెను. ఆ త్రోవలోను రాపిడి ఇంచుమించు అంతయే అడ్డుపడును. నా మరలో భారమునకు చేరినది 25 వంతులు. రాపిడి 75 వంతులు. 25 పెట్టి 75ను చెల్లింప సాధ్యమా? కాదు. కావున భారము కదలలేదు. నిజముగా దక్షత 91 అయియున్నచో, భారమువద్ద 91 వంతులుండగా అడ్డుపడునది 9 మాత్రమే. చేయి వదలిన క్షణమే మర గిఱ్ఱున తిరిగి భారము దిగిపోయియుండెడిది.

కాబట్టి స్థూలముగా ఒక నియమమును చెప్పవచ్చును. దక్షత సగమునకు మించిన యంత్రము చేయి వదలిన వెనుకకు తిరుగును. సగమునకు తక్కువైనది ఉన్నచోటనే నిలుచును. మన బావి గిలక దక్షత 75 అయినప్పుడును 90 అయినప్పుడును చేంతాటిని వదలినచో చేద బావిలో పడును. నూటికి 50 దక్షతగల పలకమీద పెట్టె సరిగా హద్దున నున్నది. వదలిన జాఱీ జాఱక నిలుచును. గుండ్రని కఱ్ఱలు వేసి దక్షతను 80 చేసినప్పుడు పెట్టె వెనుకకు దొర్లును. అప్పుడు చక్రముల వెనుక రాయి పెట్టినట్లు దానికి అడ్డు పెట్టి తీరవలెను. దక్షత పెరిగినచోట జాగ్రత్తయు పెరుగవలెను.

లారీ చక్రమును మార్చునప్పుడు మరజాకీ నూటికి 25, 30 వంతుల పనినే యిచ్చుచున్నదని దానిని నిందింపరాదు. తక్కిన భాగము వృథా కాలేదు. బండి క్రిందికి జాఱకుండ అదియే పట్టియుంచినది. గిలకకు తక్కువ రాపిడి మేలు. జాకీకి తగినంత రాపిడి మేలు. సంఖ్య పెద్దదా చిన్నదా అని కాక, ఆ యంత్రము ఏ పనికి ఏర్పడినదో తెలిసికొని సంఖ్యను చదువవలెను. నేను సిగ్గుపడి కొట్టివేసిన 25, ఆ మరకు తగిన సంఖ్యయే.

అభ్యాసములు

1. 150 సెంటీమీటర్ల గడ్డపారను, ఒక కొననుండి 25 సెంటీమీటర్ల దూరమున ఆనిక పెట్టి, 95 కిలోగ్రాముల రాతిని 20 కిలోగ్రాముల బలముతో లేపిరి. గడ్డపార బరువును విడిచిపెట్టి దక్షతను కనుగొనుము.

2. ఒక మరజాకీ పిడి 35 సెంటీమీటర్లు. మరచుట్టుల నడిమి దూరము 1 సెంటీమీటరు. 1100 కిలోగ్రాముల భారమునకు 20 కిలోగ్రాముల బలము పట్టినది. దక్షత ఎంత? చేయి వదలిన భారము దిగునా? (వృత్తపరిధికి 22/7 తీసికొనుము.)

3. దక్షత 60, వేగనిష్పత్తి 4 గల యంత్రమునకు దక్షత 70, వేగనిష్పత్తి 5 గల యంత్రమును చేర్చిరి. 84 కిలోగ్రాముల భారమునకు ఎంత బలము కావలెను?

జవాబులు: మొదటిదానికి వేగనిష్పత్తి 5, యాంత్రిక లాభము 4.75, దక్షత నూటికి 95. రెండవదానికి వేగనిష్పత్తి 220, యాంత్రిక లాభము 55, దక్షత నూటికి 25; భారము దిగదు. మూడవదానికి వేగనిష్పత్తి 20, దక్షత నూటికి 42, యాంత్రిక లాభము 8.4, బలము 10 కిలోగ్రాములు.

నాల్గవ అభ్యాసమునకు జవాబు నేనీయను. సెలవులలో మీ ఇంటికడనో, మీ ఊరిలోనో ఉన్న ఒక గిలకనుగాని, పలకనుగాని, మఱి ఏ యంత్రమునైనగాని ఎన్నుకొని, పెద్దల తోడ్పాటుతో మూడు మాఱులు కొలిచి, దక్షతను గణించి తీసికొని రండు. సంఖ్య నూటికి 20 వచ్చినను 90 వచ్చినను నాకు సమ్మతమే. వచ్చిన సంఖ్యను వచ్చినట్లు వ్రాయుడు. తప్పు వ్రాసినచో ఒక్క గీతతో కొట్టివేయుడు, చెఱపకుడు. పాఠశాల తెఱచిన దినమున ఆ పుస్తకములను మన బావికడనే కూర్చుండి చూతము.